ఏడు గడియారాలు విప్పిన గ్రేస్ హాపర్

పోయిన ఉగాదికి బెంగళూరు నుంచి వచ్చిన మా అక్క పండగంతా దిగులుగానే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో చేరి ఆరేళ్ళయింది. నేర్చుకున్న పని అప్పుడే పాతబడిందట. కొత్తది నేర్చుకోకపోతే ఉద్యోగం నిలవదట. ఇరవై ఎనిమిదేళ్ళకే ముసలిదాన్నయిపోయానని అంటుంటే ఏం చెప్పాలో తోచలేదు. తర్వాత లైబ్రరీలో గ్రేస్ హాపర్ గురించి చదివాను. అక్కకు చెప్పిన కథే మీకూ చెబుతున్నాను.

ఆవిడ 1906 డిసెంబరు 9న న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్ళప్పుడు అలారం గడియారం ఎలా పనిచేస్తుందో చూద్దామని విప్పేశారు. మళ్ళీ బిగించడం రాక ఇంకొకటి విప్పారు. ఇట్లా ఏడు గడియారాలు అయ్యాక గాని వాళ్ళమ్మ కనిపెట్టలేదు. పదహారేళ్ళకు వాసర్ కళాశాలలో చేరబోతే లాటిన్ పరీక్ష తప్పారు. మరుసటి ఏడు చేరారు. వాసర్ అప్పట్లో మనదిలాగే ఆడపిల్లల కళాశాల. 1934లో యేల్‌లో గణితంలో డాక్టరేట్ తీసుకున్నారు. అప్పటికే వాసర్‌లో లెక్కలు చెబుతున్నారు కూడా.

అక్కడే ఉండిపోతే హాయిగా గడిచిపోయేది. కానీ రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. నౌకాదళంలో చేరతానంటే వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్నారు. పట్టుబట్టి 1943లో చేరారు. మరుసటేడు హార్వర్డ్‌లోని మార్క్ 1 యంత్రం దగ్గరికి పంపారు. దాని పొడవు 51 అడుగులు. చిల్లులు పొడిచిన కాగితపు టేపులతో దానికి లెక్కలు అప్పజెప్పాలి. నేర్చుకోవడానికి పుస్తకమేదీ లేదు. ఆవిడే నేర్చుకుని, తర్వాతి వాళ్ళ కోసం 500 పేజీలకు పైబడిన పుస్తకం రాశారు.

హార్వర్డ్‌లో కొలువు స్థిరపడలేదు. 1949లో ఫిలడెల్ఫియాలో యూనివాక్ కంప్యూటర్ తయారుచేస్తున్న చిన్న కంపెనీలో చేరారు. మరుసటేడే దాన్ని రెమింగ్టన్ ర్యాండ్ కొనేసింది. బోర్డు మారింది, ఆవిడ పని ఆగలేదు.

అప్పట్లో ప్రోగ్రాములన్నీ అంకెలు, గుర్తులే. పాత ప్రోగ్రాంలోని ముక్కల్ని చేత్తో ఎక్కించుకునేటప్పుడు తప్పులు దొర్లేవి. ఆ ముక్కల్ని యంత్రమే వెతికి కూర్చుకుంటే పోదా అనుకుని, 1952లో ఏ-0 అనే కంపైలర్ చేశారు. యంత్రం లెక్కలే చేస్తుంది, ప్రోగ్రాములు రాయదని చాలామంది కొట్టిపారేశారు. ఆవిడ ఇంకా ముందుకెళ్ళి, మామూలు ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞలు రాసే ఫ్లో-మాటిక్ తెచ్చారు. 1959లో మొదలైన కోబాల్ భాషకు చాలావరకు అదే పునాది. కోబాల్ ఇప్పటికీ చాలా బ్యాంకుల్లో పనిచేస్తోంది.

నాకు ఇది బ్యాంకులోనే అర్థమైంది. మా నాన్నవైపు తెలుగు, అమ్మవైపు కన్నడ. అవ్వకు కన్నడ చదవడం రాదు. పెన్షన్‌కు తోడు వెళితే ఫారంలో ఉన్నది నేను తెలుగులో చెబుతాను, అవ్వ చెప్పింది కన్నడలో రాస్తాను. కంపైలర్ పనీ ఇంచుమించు ఇదే. బీఏ చదివి ఏం చేస్తావని అడిగేవాళ్ళకు ఇన్నాళ్ళూ నా దగ్గర జవాబు లేదు. ఇద్దరి మధ్య మాట చేరవేయడమూ ఒక విద్యేనని ఇప్పుడు చెప్పగలను.

1966లో నౌకాదళం ఆవిడకు రిటైర్మెంట్ ఇచ్చింది. మరుసటేడే ఆరు నెలల పనికని మళ్ళీ పిలిచింది. ఆ ఆరు నెలలు దాదాపు పంతొమ్మిదేళ్ళయ్యాయి. ఉపన్యాసాలకు వెళితే సుమారు 30 సెంటీమీటర్ల తీగముక్కలు పంచేవారు. ఒక నానోసెకనులో కరెంటు అంతకు మించి పోలేదని చూపించడానికి. 1986లో రియర్ అడ్మిరల్ హోదాలో దిగిపోయేటప్పటికి 79 ఏళ్ళు. ఆ తర్వాత కూడా ఒక కంప్యూటర్ కంపెనీకి సలహాదారుగా పనిచేశారు. 1992 జనవరి 1న పోయారు.

ఆవిడ ఆఫీసు గోడమీద వెనక్కి తిరిగే గడియారం ఉండేదట. ఎప్పుడూ ఇట్లాగే చేశాం కదా అనేవాళ్ళకు అదే జవాబు.

ఇదంతా ఫోన్‌లో చెబితే అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ చిన్న కంపెనీలో చేరేటప్పటికి ఆవిడకు ఎన్నేళ్ళని అడిగింది. నలభై దాటాయన్నాను.