రక్తం మాత్ర వెనుక ఉన్న మనిషి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన సోమందేపల్లె ఆరోగ్య కేంద్రంలో గర్భిణీ స్త్రీలకు ఎర్ర మాత్రల అట్టలు ఇవ్వడం మీరందరూ చూసే ఉంటారు. మన ఇళ్ళలో వాటిని రక్తం మాత్రలు అంటాం. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ ఉంటుంది. బోదకాలు నివారణకు డి.ఇ.సి. మాత్రలు మింగిస్తారు. కీళ్ళవాతంతో బాధపడే పెద్దవారికి వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ రాసిస్తారు. రకరకాల జ్వరాలకు, ఇన్ఫెక్షన్లకు టెట్రాసైక్లిన్ జాతి మందులు వాడతారు. ఈ నాలుగు మందుల కథలూ వెనక్కు వెళ్ళి ఒకే పరిశోధనశాలలో కలుస్తాయి. ఆ రోజుల్లో ఆ పరిశోధనశాలను నడిపించినవాడు ఒక తెలుగువాడు. ఆయన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మేలు పొందని కుటుంబం మన మధ్య బహుశా ఉండదు. ఆయన పేరు తెలిసిన కుటుంబాలు మాత్రం తక్కువే. అందుకే ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందుంచుతున్నాం.

సుబ్బారావు మనలా మెట్టసీమ బిడ్డ కాదు. పంట కాలువలు పారే గోదావరి డెల్టాలో, భీమవరంలో, 1895 జనవరి 12న జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాలుగవవారు. ఊరిలో నీళ్ళున్నా ఆ ఇంట్లో డబ్బు లేదు. పదమూడేళ్ళ వయసులో, కాశీకి వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఆ పిల్లవాడు ఇల్లు విడిచి బయలుదేరాడు. ఇంటివారు వెనక్కు తీసుకొచ్చారు. చదువులో కూడా చురుకైన విద్యార్థి అనిపించుకోలేదు. మెట్రిక్యులేషన్ మొదటిసారి తప్పాడు, రెండవసారీ తప్పాడు. తండ్రి కన్నుమూశారు. తల్లి మాత్రం పట్టు విడువలేదు. తన నగలు అమ్మి కొడుకును మద్రాసు పంపింది. అక్కడ హిందూ హైస్కూలులో చదివి మూడవసారి మెట్రిక్ గట్టెక్కాడు.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్న రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్యాసం తీసుకుని సేవ చేయాలనుకున్నారు. తల్లి అనుమతి ఇవ్వలేదు. మఠం పెద్దలు కూడా వైద్యం చదివి సేవ చేయమని సలహా ఇచ్చారు. ఆ విధంగా మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. చదువు ఖర్చులలో చాలా భాగం కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు భరించారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావు వివాహం జరిగింది.

అవి స్వాతంత్ర్యోద్యమం ఊపందుకున్న రోజులు. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు కట్టారు. ఆపరేషన్ గదిలో వేసుకునే అంగీని కూడా ఖద్దరుతోనే కుట్టించుకున్నారు. శస్త్రచికిత్స ఆచార్యుడైన ఆంగ్లేయునికి అది నచ్చలేదు. చదువు ముగిసేసరికి ఎం.బి.బి.ఎస్. పట్టా బదులు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికి వచ్చింది. దానితో సర్కారు వైద్య ఉద్యోగానికి దారి మూసుకుపోయింది. ఆయన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే అధ్యాపకుడయ్యారు.

ఇంతలో ఆ ఇంటిమీద పెద్ద పిడుగు పడింది. సుబ్బారావు సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాలోనే చనిపోయారు. వారిని తీసుకుపోయిన జబ్బు పేరు స్ప్రూ. అది పేగులకు వచ్చే వ్యాధి. రోగి తిన్నది ఒంటికి పట్టదు. నాలుక పుండై, విరేచనాలు పట్టుకుని, రక్తం తగ్గి, మనిషి ఎండిపోతాడు. ఆనాటి వైద్యానికి దాని మూలం తెలియదు. కొంతకాలానికి సుబ్బారావుకు కూడా అదే జబ్బు సోకింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన బతికి బయటపడ్డారు. అయితే తాను బతికి తోబుట్టువులు పోయిన ఆ బాధ ఆయనను వదలలేదు. ఇలాంటి జబ్బులకు మూలం వెదకాలి, మందు కనుక్కోవాలి అన్న పట్టుదల అక్కడే బలపడింది.

మామగారి సాయంతోనూ, మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోనూ 1922లో ఓడ ఎక్కి అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు. భార్య శేషగిరి గర్భవతి. కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానని ఆమెకు చెప్పి వెళ్ళారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమాలో చేరారు. చేతిలో డబ్బు లేదు. తెచ్చుకున్న పట్టాతో ఆసుపత్రిలో డాక్టరు పని దొరకదు. అందుచేత ఒక ఆసుపత్రిలో రాత్రిపూట కూలివాడుగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. పగలు చదువు, రాత్రి ఆ పని. వైద్యం చదివినవాడు ఆ పని చేయడం చిన్నతనమని ఆయన అనుకోలేదు.

తరువాత హార్వర్డ్ జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ప్రకటించారు. నమూనాలో కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ అన్నమాట. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచమంతటా పరిశోధనశాలలలో వాడుకలోకి వచ్చింది.

ఆ కొలత చేతికి రాగానే, కండరాలలో భాస్వరం ఏం చేస్తోందని వెదికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని ప్రకటించారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దానిని కనుగొన్నాడు. ఎ.టి.పి. అంటే ఏమిటో తేలికగా చెప్పుకుందాం. మనం తిన్న ముద్ద నేరుగా చేతికి బలం ఇవ్వదు. పంట అమ్మి డబ్బు చేసుకున్న తరువాతే అంగట్లో సరుకు కొనగలం కదా! అలాగే శరీరం ఆహారాన్ని ఎ.టి.పి. అనే చిల్లరగా మార్చుకుని, ప్రతి పనికీ దానినే ఖర్చు పెడుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ అవసరానికి వెంటనే తీసుకునే చేబదులు వంటిది. అంతవరకు కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే కారణమని శాస్త్రలోకం నమ్మేది. ఆ నమ్మకం మారిపోయింది.

ఇంత చేసినా, 1930లో డాక్టరేటు పొందినా, హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. పదేళ్ళు ఎదురుచూశారు. మనలో ఎందరో ఇలాంటి తిరస్కారంతో కుంగిపోతారు. ఆయన 1940లో న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊరిలోని లెడర్లే మందుల కంపెనీలో చేరి, త్వరలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు.

ఇక్కడ కథ మళ్ళీ మన దేశం వైపు తిరుగుతుంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చింది. బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణులు తీవ్రమైన రక్తహీనతతో బాధపడుతుండగా, దాని కారణం వెదికింది. ఈస్ట్ నుండి తీసిన చౌకైన సారం ఇస్తే వారు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. ఆ సారంలో ఉన్నది ఏ పదార్థమో అప్పటికి తెలియదు. సుబ్బారావు నాయకత్వంలో స్టోక్‌స్టాడ్, వాలర్ మొదలైనవారితో కూడిన పెద్ద బృందం దానిని కార్జం నుండి వేరుచేసి, దాని నిర్మాణం తెలుసుకుని, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసి చూపింది. అదే ఫోలిక్ యాసిడ్. లాటిన్ భాషలో ఆకును ఫోలియం అంటారు. పాలకూర ఆకులలో దొరికింది గనుక ఆ పేరు వచ్చింది.

ఆ మందును స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. మంచం పట్టినవారు లేచి అన్నం తిన్నారు. సోదరులు పోయి పాతికేళ్ళు దాటిన తరువాత, వారిని కాపాడగలిగి ఉండే మందు సోదరుని చేతికి వచ్చింది! అది వారికి అందలేదు. ఆనాటి నుండి అలాంటి ఇళ్ళు ఎన్నిటికో అందుతోంది.

ప్రియ పాఠకులారా, ఈ విషయం మన అనంతపురం సీమకు చాలా దగ్గరిది. వాన తక్కువ, కూరగాయలు తక్కువ, కూలిపని ఎక్కువ. మన తల్లులలో రక్తహీనత మామూలై పోయింది. కళ్ళు తిరిగితే ఎండదెబ్బ అంటాం, ఆయాసం వస్తే అలసట అంటాం. గర్భిణి నాలుగవ నెల నుండి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు అయ్యాక మరో 180 రోజులు ఇనుము–ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలని ప్రభుత్వ వైద్య విధానం. ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాలలోనే శిశువు వెన్నుపాము నాళం మూసుకుంటుంది. ఆ సమయానికి ఫోలిక్ యాసిడ్ చాలకపోతే వెన్నెముకలో, మెదడులో లోపాలు రావచ్చు. అలాంటి బిడ్డను కన్న తల్లులు మరల గర్భం దాల్చేముందు నుండి ఈ విటమిన్ తీసుకుంటే ఆ ముప్పు దాదాపు నాలుగింట మూడు వంతులు తగ్గుతుందని 1991లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. అందుకే గర్భం కోరుకునేవారు ముందే డాక్టరును కలవడం మంచిది.

మాత్ర వేసుకుంటే వికారంగా ఉందని, మలం నల్లగా వస్తోందని భయపడి చాలామంది అట్టలను గూట్లో పడేస్తారు. మలం నల్లబడడం ఇనుము వల్లనే, ప్రమాదం కాదు. వికారమైతే నర్సమ్మతో చెప్పి వేళ మార్చుకోండి. మానవద్దు. అలాగే, మన పొలాల వేరుశనగలోనూ, మన పెరటి మునగాకు, తోటకూరలలోనూ ఈ విటమిన్ సహజంగా ఉంది. అది నీటిలో కరిగిపోతుంది, ఎక్కువ వేడికి చెడిపోతుంది. కనుక ఆకుకూరను అతిగా ఉడికించి ఆ నీళ్ళు పారబోయకండి.

సుబ్బారావు కథ ఫోలిక్ యాసిడ్‌తో ఆగలేదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు వైద్యం చేసేవాడు. ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇస్తే వారి జబ్బు ఇంకా వేగంగా పెరుగుతున్నట్లు కనిపించింది. అయితే దానిని అడ్డుకునే పదార్థం ఇస్తే? విటమిన్‌లాగే కనిపించి, దాని పని జరగనివ్వని అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ పదహారుమంది పిల్లల వివరాలు ప్రకటించాడు. పదిమందిలో మెరుగు కనిపించింది. అది తాత్కాలికమే. ఆ పిల్లలను ఆ మందు చివరిదాకా కాపాడలేకపోయింది. అయినా రక్త క్యాన్సర్‌ను మందుతో వెనక్కు నెట్టవచ్చునని మొదటిసారి రుజువైంది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల క్యాన్సర్ చికిత్సలో ఉంది. కీళ్ళవాతానికి దానిని తక్కువ మోతాదులో ఇచ్చేటప్పుడు దుష్ఫలితాలు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ కూడా ఇస్తారు. రెండూ ఆ పరిశోధనశాలలో రూపుదిద్దుకున్నవే.

1947లో అదే పరిశోధనశాల నుండి బోదకాలుకు డి.ఇ.సి. మందు వచ్చింది. సుబ్బారావు పుట్టిన గోదావరి ప్రాంతాన్ని తరతరాలుగా పీడించిన జబ్బు అది. డెబ్బై ఏళ్ళు దాటి పదవీ విరమణ చేసిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ను వయసు చూడకుండా కంపెనీ చేర్చుకుంది. ఆ వృద్ధుడు మిస్సోరి రాష్ట్రపు మట్టిలో దొరికిన బంగారు రంగు సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ తీశాడు. 1948లో వెలువడిన ఆ మందే టెట్రాసైక్లిన్ జాతికి మొదటిది. ఈనాడు స్ప్రూ వ్యాధికి డాక్టర్లు ఇచ్చే ముఖ్యమైన మందులు ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. ఈ రెంటికీ పుట్టిల్లు సుబ్బారావు పరిశోధనశాలే.

1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళ వయసులో, నిద్రలోనే గుండె ఆగి ఆయన మరణించారు. అమెరికా చట్టం మారి 1946 నుండి భారతీయులకు పౌరసత్వానికి అవకాశం వచ్చినా ఆయన అమెరికా పౌరుడు కాలేదు. స్వదేశానికి కూడా తిరిగి రాలేదు. నోబెల్ బహుమతి రాలేదు. శతజయంతి సందర్భంగా 1995లో మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. 1922లో బయలుదేరిన భర్తను శేషగిరమ్మ మరల చూడలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. లోకంలోని ఎన్నో ఇళ్ళకు ఆయన ఆరోగ్యం పంపారు. ఆ ఇంటికి మాత్రం ఆయన తిరిగి రాలేదు. గొప్పవారిని తలచుకునేటప్పుడు వారి గొప్పతనానికి వెల చెల్లించినవారిని మరచిపోవడం మనకు అలవాటు. నగలు అమ్మిన వెంకమ్మను, ఇరవై ఆరేళ్ళు ఎదురుచూసిన శేషగిరమ్మను కూడా ఆయనతో పాటు తలచుకోవడం న్యాయం.

తల్లిదండ్రులారా, పరీక్ష తప్పిన బిడ్డ మీ ఇంట్లో ఉంటే ఈ కథ వినిపించండి. రెండుసార్లు తప్పినవాడికి మూడవ అవకాశం ఇచ్చింది ఒక పేద తల్లి. ఆమె ఆ రోజు చాలించుకుని ఉంటే మనం ఎంత పోగొట్టుకునేవాళ్ళమో ఆలోచించండి.