గురజాడవారు – సహపంక్తి
గురజాడ అప్పారావుగారు 1862లో విశాఖ మండలమందలి రాయవరంలో జన్మించారు. చీపురుపల్లిలో అక్షరాలు దిద్దిన ఆ బాలుడు తండ్రి గతించిన పిదప విజయనగరం చేరాడు. మహారాజా కళాశాలాధ్యక్షులు చంద్రశేఖరశాస్త్రిగారు తమ ఇంట నీడనిచ్చి, అన్నం పెట్టి చదివించారు. పరుల ఇంట తిన్న ముద్ద విలువ ఆయన ఎన్నడూ మరువలేదనుకోవాలి.

1892లో ప్రదర్శితమై, 1909లో తిరిగి వ్రాయబడిన కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ ఉన్నది. పూటకింత పుచ్చుకొని వండిపెట్టడం ఆనాడు దిక్కులేని వితంతువుకు మిగిలిన కొద్దిపాటి బ్రతుకుతెరువులలో ఒకటి. ఆమె అన్నమే తిని, సంతలో సామాను తెస్తానని ఆమె సొమ్ము తీసుకొని, వేశ్యకు ఖర్చుపెట్టిన ఘనుడు గిరీశం. ఆమె చీపురు పట్టుకొని మధురవాణి ఇంటికి వచ్చినప్పుడు ప్రేక్షకులు కడుపుబ్బ నవ్వుతారు. కాని ఆ చీపురు వెనుక పొయ్యి దగ్గర చెమటోడ్చిన కష్టార్జితం ఉన్నది. విద్యార్థులు ఈ సంగతి గమనించవలె.

ఆ కాలపు పూటకూళ్ల ఇండ్లలోనూ పంక్తి కులాన్ని బట్టియే సాగేది. శ్రీకాకుళం నాడు గంజాం మండలంలోనిది. ఆ మండలంలోనే ఉన్న బరంపురంలో సంస్కర్తలు కులభేదం పాటింపక కలసి భుజించారు. అట్టివారికి వెలి భయం తప్పని రోజులవి. ఆ విందే 1910 జూలైలో ఆంధ్రభారతిలో వెలువడిన ముత్యాల సరములకు ప్రేరణ. ఆ ఏటనే కనబడిన హేలీ తోకచుక్కను లోకులు అరిష్టమనగా, ఆయన శుభసూచకమని ఎంచారు.

1913లో ఉద్యోగం విరమించి, 1915 నవంబరు 30న విజయనగరంలోనే కన్నుమూశారు.