పెనుకొండ తిరుమలరాయలు

అనంతపురం పీఠభూమి వానలు కొరవడిన నేల. ఎర్రమట్టి చేలు, నడుమ రాతిగుట్టలు ఇక్కడి దృశ్యాలు. పెనుకొండ అంటే పెద్దకొండ. సేద్యానికి అనుకూలించని ఈ గుట్టలే ఒకనాడు విజయనగర సామ్రాజ్యానికి పెట్టనికోటలైనాయి. ఆ ఘట్టానికి నాయకుడు అరవీటి తిరుమలరాయలు. సాహిత్య విద్యార్థులు ఆయనను వసుచరిత్ర కృతిభర్తగానే ఎరుగుదురు. కాని ఆయన తొలుత సైనికుడు, సైనికుల వంశంలో పుట్టినవాడు.

ముత్తాత అరవీటి బుక్కరాజు సాళువ నరసింహరాయల సేనాని. నాటి నుండి ఆ ఇంటివారికి కత్తి పట్టడమే కులవృత్తి అయింది. శ్రీరంగరాజు కుమారులు రామరాయలు, తిరుమలరాయలు, వేంకటాద్రి. శ్రీకృష్ణదేవరాయల అల్లుడైన రామరాయలు సదాశివరాయలను సింహాసనంపై నిలిపి, రాజ్యభారాన్ని తాను వహించాడు. సోదరులిద్దరూ ఆయనకు కుడియెడమ భుజాలు.

1565 జనవరిలో దక్కను సుల్తానులు ఏకమై దండెత్తి వచ్చారు. కృష్ణానది రేవులను కాపాడే భారం సోదరులపై పడింది. శత్రువులు వేరొక రేవు వైపు సాగుతున్నట్లు భ్రమింపజేసి, కావలి సేనను అటు కదిలించి, విడిచిన రేవులోనే నది దాటారని ఫెరిష్తా వ్రాశాడు. పిమ్మట జరిగిన ఘోరసంగ్రామంలో వృద్ధుడైన రామరాయలు శత్రువులకు చిక్కి శిరచ్ఛేదానికి గురయ్యాడు. వేంకటాద్రి కూడా ఆ యుద్ధంలోనే మరణించాడని పలువురి అభిప్రాయం. తిరుమలరాయలు ఒక కన్ను కోల్పోయి రాజధానికి చేరాడు.

అన్నదమ్ముల కోసం దుఃఖించే వ్యవధి కూడా ఆయనకు లేదు. ఖజానాను ఏనుగులపై కెక్కించి, సదాశివరాయలను వెంటబెట్టుకొని పెనుకొండకు తరలిపోయాడు. రక్షకులు లేని విజయనగరం నెలల తరబడి దోపిడికి గురైంది. అందుకే ఆయనను పిరికివాడన్నవారున్నారు. ఆ నిందను పూర్తిగా తోసిపుచ్చలేము. నగరప్రజలు నిరాశ్రయులైన మాట నిజం. అయితే చెదరిన సేనతో అక్కడే నిలిచినట్లయితే ధనమూ, ప్రభువూ, రాజ్యమూ ఒక్కనాడే అంతరించేవి.

ఆయన తిరిగి వచ్చి విజయనగరాన్ని పునరుద్ధరించడానికి యత్నించాడు. 1567లో అక్కడికి వచ్చిన సీజర్ ఫ్రెడరిక్ అనే వెనిస్ వర్తకుడు ఒక సంగతి చెప్పాడు. రాయలు గుర్రాలు తెప్పించుకొని, వర్తకులకు సొమ్ము చెల్లించక వట్టిచేతులతో పంపివేశాడట. ఇది రాజోచితం కాదు. యుద్ధంలో అశ్వబలం నశించిన ప్రభువు ఎంత ఇక్కట్టులో ఉన్నాడో కూడా దీనివల్ల తెలుస్తున్నది. చివరకు శిథిలనగరాన్ని విడిచి పెనుకొండనే రాజధానిగా చేసుకున్నాడు.

1570 ప్రాంతంలో పట్టాభిషిక్తుడై అరవీటి వంశపాలనకు నాంది పలికాడు. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చినది ఈ ఒంటికంటి ప్రభువుకే. కుమారులలో శ్రీరంగరాయలను పెనుకొండలోను, రామరాయలను శ్రీరంగపట్టణంలోను, వేంకటపతిని చంద్రగిరిలోను నిలిపి, కొద్ది సంవత్సరాలకే రాజ్యభారం నుండి తప్పుకున్నాడు. 1576లో బిజాపూరు సేనలు పెనుకొండను ముట్టడించాయి. శ్రీరంగరాయలు ధనాగారంతో చంద్రగిరికి తరలిపోగా, సేనాని చెన్నప్ప సుమారు మూడు నెలలు దుర్గాన్ని కాపాడాడు. ఆ ఏడాది చివర శత్రుసేన వెనుదిరిగింది.