రామ్మూర్తి రొమ్ము మీద ఏనుగు

మా బ్యాచ్ వాళ్ళలో చాలా మంది చిన్నప్పుడు రెజ్లింగ్ కార్డులు ఆడే ఉంటారు. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్. అండర్‌టేకర్ కార్డు చేతికొస్తే ఆ రోజు మనదే. పలమనేరులో మా వీధి అరుగుల మీద సెలవులంతా ఇదే పని. ఒక రోజు మా తాత వచ్చి కార్డులన్నీ తిరగేసి చూసి, ఇందులో కోడి రామ్మూర్తి ఏడి అని అడిగాడు. ఎవడా రామ్మూర్తి అని మేము నవ్వినాము. అప్పుడు మొదలుపెట్టాడు కథ. రొమ్ము మీద ఏనుగుని ఎక్కించుకునేవాడట.

వేరే ఊళ్ళో పిల్లలైతే అబ్బో అని నోరు తెరిచేవాళ్ళేమో. మేము నమ్మలేదు. ఎందుకంటే మాకు ఏనుగు అంటే గుళ్ళో దండం పెట్టించుకునే ఏనుగు కాదు. పలమనేరు పక్కనే కౌండిన్య అడవి. 1980ల్లో పక్క రాష్ట్రాల అడవుల నుంచి ఏనుగులు ఇటు దిగాయి, 1990లో దాన్ని అభయారణ్యం చేశారు. అప్పట్నుంచి మామిడి తోట, చెరుకు, రాగి, ఏది వేసినా అందులో వాటికి వాటా ఉంది. ఇప్పుడు ముసలిమడుగులో కుంకీ ఏనుగుల క్యాంపు కూడా పెట్టారు. మా చేనులో తడి మట్టిలో పడిన ఏనుగు అడుగులో నేను చిన్నప్పుడు రెండు కాళ్ళూ పెట్టి నిలబడినాను, ఇంకా చోటు మిగిలింది. అలాంటి కాలు మనిషి రొమ్ము మీద పెడితే ఏమవుతుందో మాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. తాత కోతలు కోస్తున్నాడని తీర్మానించేసినాము.

ఇప్పుడు మెకానికల్ థర్డ్ ఇయర్‌లో ఉన్నాను. ఆ మనిషి గురించి దొరికినంత చదివినాను. తాత చెప్పింది కోత కాదు.

కోడి రామ్మూర్తి నాయుడు పుట్టింది ఉత్తరాంధ్రలో, ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లా వీరఘట్టంలో, 1880ల మొదట్లో. తండ్రి వెంకన్న. తల్లి చిన్నతనంలోనే పోయింది. అల్లరి పిల్లవాడు, చదువు మీద ధ్యాస లేదు. తండ్రి తీసుకెళ్ళి విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేసే తన తమ్ముడు నారాయణస్వామి ఇంట్లో పెట్టాడు. బడి కంటే వ్యాయామశాలే ఇష్టమైంది. ఆ బాబాయి ఆలోచన చూడండి, వీడికి చదువు రాదు పనికిరాడు అనుకోలేదు. మద్రాసు సైదాపేటకి వ్యాయామ శిక్షణకు పంపించాడు. అక్కడ ఏడాది నేర్చుకుని వచ్చి రామ్మూర్తి విజయనగరంలోనే డ్రిల్లు మాస్టారు అయ్యాడు. అంటే మన భాషలో పీఈటీ సార్. ఆయన కథ అక్కడితో ఆగిపోయి ఉంటే ఒక మంచి పీఈటీ సార్‌గా రిటైర్ అయ్యేవాడు, మనకి పేరు కూడా తెలిసేది కాదు.

మిత్రుడు పొట్టి పంతులుతో కలిసి, తుని రాజుగారి ప్రోత్సాహంతో సర్కస్ కంపెనీ పెట్టాడు. ఆ కాలంలో సర్కస్ అంటే ఇప్పటి సినిమా, క్రికెట్, రెజ్లింగ్ అన్నీ కలిపినట్టు. డేరాలో మిగతా ఆటలన్నీ అయిపోయాక చివర్లో ఆయన వచ్చేవాడు. ఒంటికి ఉక్కు గొలుసులు చుట్టించుకుని, ఊపిరి బిగబట్టి రొమ్ము పొంగించి ఆ గొలుసులు తెంచేవాడు. రెండు భుజాలకి గొలుసులు కట్టించుకుని, చెరో వైపు ఒక్కో కారుని నడపమని, రెండూ కదలకుండా ఆపేవాడు. ఆఖరున ఏనుగు.

ఇక్కడ మన సబ్జెక్టు కొంచెం వస్తుంది, బోర్ కొడితే ఒక పేరా దాటేయండి. రెండు కార్లు ఎదురెదురుగా లాగితే మనిషి మీద నెట్ ఫోర్స్ సున్నా. అతను జారిపోడు. భరించాల్సింది టెన్షన్ మాత్రమే, అదీ ఒక కారు ఎంత లాగితే అంతే, రెండింతలు కాదు. కారు టన్ను బరువు అనుకుని, వెనక చక్రాల మీద సగం పడుతుంది అనుకుంటే, చక్రం జారకుండా లాగగలిగేది ఓ మూడు వందల కిలోల లోపే. ఇంజిన్‌కి ఎంత హార్స్‌పవర్ ఉన్నా టైరు పట్టే దాకానే. సరే, మరి ఏనుగు? ఇలాంటి ప్రదర్శనల్లో రొమ్ము మీద బలమైన చెక్క పలక వేస్తారు. బరువు ఒక్క చోట గుచ్చుకోకుండా పరుచుకుంటుంది. పలక కొస నేలకి ఆనితే నేల కూడా కొంత మోస్తుంది. ఇంకోటి ఊపిరి. గాలి లేని టైరు మీద లారీ ఎక్కితే టైరు చితుకుతుంది, గాలి నిండితే అదే టైరు లారీని మోస్తుంది. రామ్మూర్తి ఏళ్ళ తరబడి ప్రాణాయామం చేసింది దానికే.

ఇదంతా లెక్క వేసుకున్న రోజు రాత్రి హాస్టల్లో మా రూమ్‌మేట్స్‌కి చెప్పినాను. వెంటనే ఒకడు, అయితే ట్రిక్కే కదా అన్నాడు. రెజ్లింగ్ గురించి కూడా ఇదే గొడవ మనకి ఎప్పుడూ, నిజమా నాటకమా అని. నాకైతే ఆ ప్రశ్నే తప్పుగా ఉంది అనిపిస్తుంది. పలక ఉన్నా సరే, మూడు వందల కిలోలే అయినా సరే, మన రూములో ఎవడైనా పడుకుంటాడేమో అడగండి. ఆ గొలుసు ఏ గ్రేడు ఉక్కో ఎవరూ టెస్టింగ్ మెషీన్‌లో పెట్టి చూసి ఉండరు, ఆ అనుమానం నాకూ ఉంది. కానీ రోజూ సాయంత్రం, ఊరు మారినా, ఒంట్లో బాగున్నా లేకున్నా, టిక్కెట్టు కొన్నవాడి ముందు ఆ పలక కింద పడుకోవాలి. ఏనుగు ఒక అడుగు పక్కకి వేస్తే చాలు. మావటి మీద, ఏనుగు మీద, తన ఊపిరి మీద నమ్మకం. అది నాటకం అయ్యేది కాదు.

ఇంకా ఆ కాలం గుర్తుపెట్టుకోవాలి. 1905లో బెంగాల్ విభజన, స్వదేశీ ఉద్యమం. మన వాళ్ళకి ఒంట్లో సత్తువ లేదు, అందుకే ఏలుబడిలో ఉన్నారు అని తెల్లవాళ్ళ లెక్క. అలాంటప్పుడు ఒక తెలుగువాడు వైస్రాయ్ లార్డ్ మింటో చూస్తుండగా ఆయన కారునే కదలకుండా ఆపాడని చెప్తారు. పూణేలో తిలక్ ఆయనకి మల్లమార్తాండ అని బిరుదు ఇచ్చాడు. 1910లో గామా పహిల్వాన్ లండన్ వెళ్ళి జిబిస్కోతో రెండున్నర గంటలు తలపడి, ఓడకుండా బయటికొచ్చాడు. అమెరికాలో ఫ్రాంక్ గాచ్ అప్పుడు ఛాంపియన్. ఆ ఏళ్ళలో ప్రపంచమంతా బలం అనే పిచ్చిలో ఉంది, మన వాటా కింద గామా, రామ్మూర్తి. ఉత్తరాదిలో ఆయన్ని ప్రొఫెసర్ రామమూర్తి అనేవాళ్ళు. మనవాళ్ళు కలియుగ భీముడు అన్నారు. లండన్‌లో ఐదో జార్జి దంపతుల ముందు ప్రదర్శన ఇస్తే ఇండియన్ హెర్క్యులస్ అన్నారు. ఇంత చేసి ఆయన శాకాహారి. మా మెస్‌లో చికెన్ లేని రోజు జిమ్ మానేసే బ్యాచ్ ఈ లైన్ రెండుసార్లు చదవాలి.

స్పెయిన్‌లో ఎద్దు కొమ్ములు పట్టుకుని పడేశాడని కూడా ఒక కథ ఉంది. మా వైపు పశువుల పండక్కి ఎద్దుల్ని పట్టేవాళ్ళని చూసిన కళ్ళతో అది మాత్రం నాకు సులభంగానే నమ్మబుద్ధి అయింది.

సంపాదన బాగానే ఉండింది. దాచుకున్నది తక్కువ, ఇచ్చేసింది ఎక్కువ అంటారు. చివరి రోజుల్లో డేరా లేదు, కంపెనీ లేదు.

ఈ భాగం మా తాత ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకి తెలియదో, తెలిసి చెప్పలేదో. రామ్మూర్తికి కాలి మీద పుండు లేచింది. మానలేదు. కాలు తీసేయాల్సి వచ్చింది. ఆపరేషన్‌కి మత్తు వద్దని, ఊపిరి బిగబట్టే ఓర్చుకున్నాడని చెప్పుకుంటారు. ఆ తర్వాత ఒరిస్సాలో బలంగీర్-పాట్నాలో సంస్థాన ప్రభువుల ఆదరణలో ఉంటూ 1942 జనవరిలో, సంక్రాంతి దినాల్లో, అక్కడే చనిపోయాడు. అరవై ఏళ్ళ వయసు.

విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే. విగ్రహం అంటే నిండుగా, రెండు కాళ్ళ మీద నిలబడే కదా ఉంటుంది.

నేను ఇది రాయడానికి కారణం ఆ కాలే. రెండేళ్ళ కింద మా తాతకి షుగర్ పుండు మానక మోకాలి కింద కాలు తీసేశారు. చేనులో రాత్రంతా టపాకాయలు కాలుస్తూ ఏనుగుల్ని తరిమిన మనిషి. ఇంటికొచ్చినాక వీధి అరుగు మీదికి రావడం మానేశాడు. ఎవరొచ్చినా దుప్పటి మోకాలి మీదికి లాక్కుంటాడు. రామ్మూర్తి కథ చెప్పడం కూడా ఆగిపోయింది. మేము కూడా అడగలేదు, ఎట్లా అడగాలో తెలియలేదు.

మొన్న సంక్రాంతి సెలవులకి పోయినప్పుడు నేనే చెప్పినాను ఆ కథ, వీరఘట్టం నుంచి. సైదాపేట, తుని, డేరా, పలక కింద లెక్క అన్నీ. పలక గురించి చెప్తే తాతకి కోపం వచ్చింది, పలకా గిలకా ఏమీ లేదు, ఒట్టి రొమ్ము మీదే అన్నాడు. నేను వాదించలేదు. బలంగీర్ దగ్గరికి వచ్చేసరికి నా నోరు తడబడింది. దాటేద్దామనుకున్నాను. దాటకుండా చెప్పేసినాను.

తాత చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఏ కాలు అని అడిగాడు. ఎడమా కుడా అని. నాకు ఆ వివరం ఎక్కడా దొరకలేదు. దొరకలేదనే చెప్పినాను. ఇంత చదివినావు, అది కూడా తెలుసుకోకుండా వచ్చినావా అని తిట్టి, అవ్వని పిలిచి కుర్చీ అరుగు మీద వేయమన్నాడు.