సావిత్రి లావు గురించి

రాయగడలో మా అమ్మమ్మగారింట్లో టీవీలో మాయాబజార్ వస్తోందంటే ఆరోజు వంట ముందే అయిపోతుంది. పక్కింటి ఒరియా వాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు. మొన్న సెలవుల్లో శశిరేఖ తెరమీదకి రాగానే మా అత్తయ్య ఒకావిడ, ఎంత అందగత్తె, చివరికి ఎంత లావైపోయిందో అని నిట్టూర్చింది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అందుకే ఇది రాస్తున్నాను.

సావిత్రిది గుంటూరు జిల్లా చిర్రావూరు. ఊహ తెలియకముందే తండ్రి పోతే విజయవాడలో పెద్దమ్మ దుర్గాంబ, పెదనాన్న వెంకటరామయ్య పెంచారు. నాట్యం నేర్చుకుంది, నాటకాలాడింది. 1950లో సంసారం సినిమాలో నాయిక వేషం చేతిదాకా వచ్చి పోయింది, చిన్న వేషంతో సరిపెట్టుకుంది. పాతాళభైరవిలో ఒక డాన్సు చేసింది. తర్వాత 1953లో దేవదాసు, భానుమతి వదులుకున్న వేషంతో 1955లో మిస్సమ్మ, 1957లో మాయాబజార్. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నప్పుడు ఆ సుకుమారమైన ఒంట్లోంచి రాక్షసుడి నడక, రాక్షసుడి చూపు ఎలా తెప్పించిందో ఎన్నిసార్లు చూసినా నాకు అంతుపట్టదు. అప్పుడు కూడా ఆవిడ బొద్దుగానే ఉండేది. ఆ రోజుల్లో దాన్నే నిండుతనం అన్నారు. తర్వాత కొలత మారింది.

1968లో చిన్నారి పాపలుకి దర్శకత్వం వహించింది. దానికి సాంకేతిక పనుల్లోనూ ఎక్కువగా ఆడవాళ్ళనే పెట్టుకున్నారు. ఆ సంగతి మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు. లావైన సంగతి మాత్రం అందరికీ తెలుసు!

పెళ్ళి చెదిరింది, ఆస్తులు పోయాయి, తాగుడు అలవాటైంది, సుగరు జబ్బు వచ్చింది. ఒళ్ళు పెరగడం వెనక ఇన్ని ఉన్నాయి. చూసేవాళ్ళకి మాత్రం ఒళ్ళే కనపడింది. 1979లో గోరింటాకులో తల్లి వేషం వేసింది. అదే ఏడాది వేటగాడులో, యాభై దాటిన ఎన్టీఆర్ పక్కన శ్రీదేవి నాయిక. ఆయన నడుము చుట్టుకొలత గురించి మా అత్తయ్య ఎప్పుడూ నిట్టూర్చలేదు.

1980 మేలో సావిత్రి బెంగళూరులో కోమాలోకి వెళ్ళింది. పంతొమ్మిది నెలలు అలాగే ఉండి 1981 డిసెంబరు 26న కన్నుమూసింది. అప్పటికి ఎముకలగూడైపోయింది. ఇప్పుడు ఆ ఫోటో చూసి అయ్యో ఎంత చిక్కిపోయిందో అంటారు.

సావిత్రికి తిండి మానేసే జబ్బు ఉందని నేననడం లేదు. కానీ నాకు తెలిసిన ఒకమ్మాయి పెళ్ళిచూపులు కుదిరాయని నెలరోజులు రాత్రి అన్నం మానేసింది. అద్దంలో ఎప్పుడు చూసుకున్నా లావుగానే కనపడుతున్నానంది. స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడిపోయాక గానీ ఇంట్లోవాళ్ళకి తెలీలేదు. అప్పటిదాకా సన్నబడ్డావే అని అందరూ మెచ్చుకున్నారు. నేను కూడా.

దసరాకి రాయగడ వెళ్తాను. ఈసారి మా అత్తయ్యకి చిన్నారి పాపలు సంగతి చెప్పాలి.