నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా

ధవళేశ్వరం పేరు చెప్పగానే సర్ ఆర్థర్ కాటన్, 1847 నుండి 1852 వరకు ఆయన గోదావరిపై నిర్మింపజేసిన ఆనకట్ట ఎవరికైనా స్ఫురిస్తాయి. అయితే కాటన్ ఈ విద్యలో చాలా భాగాన్ని మన దేశంలోనే నేర్చుకొన్నారన్న సంగతి అందరూ ఎరుగరు. ఆయన అంతకు పూర్వం కావేరీ తీరాన పనిచేశారు. ఇసుక నేలపై నిలిచిన చోళుల నాటి కల్లణై కట్టడాన్ని శ్రద్ధగా పరిశీలించారు. 1836లో శ్రీరంగానికి ఎగువన కొల్లడం నదిపై ఆనకట్ట కట్టించారు. అక్కడ నేర్చినది ఇక్కడ ఫలించింది. శతాధిక వర్షాల అనంతరం తెలుగునాటి కళాకారుడొకరు అదే కావేరీ తీరానికి విద్యార్థియై వెళ్ళారు. ఆయనే షేక్ చిన మౌలానా సాహెబ్. ఆ మహనీయుని జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసోద్దేశం.

మౌలానా సాహెబ్ 1924 మే 12వ తేదీన ఒంగోలు సమీపంలోని కరవది గ్రామంలో జన్మించారు. ఆ గ్రామం నాడు గుంటూరు జిల్లాలోనిది. నేడు ప్రకాశం జిల్లాలోనిది. తరతరాలుగా నాదస్వరమే ఆ యింటి విద్య, ఆ యింటి జీవనాధారం. తండ్రి కాసిం సాహెబ్ వద్ద అక్షరాభ్యాసంతోపాటే స్వరాభ్యాసమూ జరిగిందనవచ్చు. అనంతరం చిలకలూరిపేటకు చెందిన సుప్రసిద్ధ విద్వాంసులు షేక్ ఆదం సాహెబ్ వద్ద శిష్యరికం చేశారు. దేవాలయాలలో, వివాహ మంటపాలలో మంగళవాద్యం పలికించే ముస్లిం కుటుంబాలు ఆ ప్రాంతంలో అనేకం ఉండేవి. దానిని ఒక వింతగా నాటి గ్రామస్థులెవరూ భావింపలేదు.

నాదస్వరం చూపునకు సామాన్యమైన వాద్యం. పొడవైన కొయ్య గొట్టం, పైన ఏడు రంధ్రాలు, కొసన వెడల్పైన గిన్నె, నోట పెట్టుకొనే పీక. ఇంతే. కాని దానిని బాగుచేయడం మాటలతో అయ్యే పని కాదు. తంజావూరు ప్రాంతంలోని నరసింగంపేట శిల్పులు తమిళనాట ఆచ్చా అని పిలిచే గట్టి కొయ్యతో ఈ వాద్యాన్ని చేస్తారు. పచ్చి కొయ్య పనికిరాదు. పాత ఇండ్లు విప్పినప్పుడు లభించే దూలాలను, స్తంభాలను వెదకి తెస్తారు. ఏళ్ళ తరబడి ఎండిన కొయ్యే వంకర పోక, పగులక శ్రుతిని నిలుపుతుంది. ఆ గ్రామపు నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. వాద్యం క్రింది భాగంలో వ్రేళ్ళు తాకని రంధ్రాలు కొన్ని ఉంటాయి. వాటిని మైనంతో మూసి, తెరచి శ్రుతిని సరిచేస్తారు. కొయ్య తాత నుండి మనుమనికి సంక్రమిస్తుంది. పీక మాత్రం అట్లు సంక్రమించదు. నదీతీరపు రెల్లుజాతి కాడను కోసి, ఉడికించి, ఎండబెట్టి, చెక్కి చేసే ఆ చిన్న వస్తువు కొద్ది కాలానికే అరిగిపోతుంది. అందుకే విద్వాంసుడు కొన్ని పీకలను దారాన కట్టి వాద్యానికే వ్రేలాడదీసుకొంటాడు.

పాశ్చాత్యుల ఫ్రెంచి హారన్ చరిత్రతో దీనిని పోల్చి చూడడం ఉపయుక్తం. తొలుత ఆ ఇత్తడి కొమ్ములో కొన్ని స్వరాలు మాత్రమే సహజంగా పలికేవి. మిగిలినవాటిని వాదకుడు గిన్నెలో చేయి దూర్చి సాధించేవాడు. 1818లో స్టోల్‌జెల్, బ్లూమెల్ అను జర్మనులు వాల్వుల పద్ధతికి హక్కుపత్రం పొందారు. క్రమంగా ఆ లోటును యంత్రమే పూరించింది. మన నాదస్వరానికి అట్టి మీటలు రాలేదు. వ్రేలిని సగం తొలగించడం, పెదవిని బిగించడం, ఊపిరిని అదుపు చేయడం, వీటితోనే గమకమంతా పుట్టాలి. కనుక హారన్‌ను బాగుచేసేవాడు లోహాన్ని సరిదిద్దితే, నాదస్వరాన్ని బాగుచేయదలచినవాడు తన్ను తాను సరిదిద్దుకోవాలి.

మౌలానా సాహెబ్ చేసినది సరిగా అదే. ఆ రోజులలో తిరువావడుతురై రాజరత్నం పిళ్ళై నాదస్వర చక్రవర్తిగా వెలుగొందుతున్నారు. హెచ్చు శ్రుతి గల పొట్టి తిమిరి వాద్యం స్థానంలో, తగ్గు శ్రుతిలో గంభీరంగా పలికే పొడవైన బారి నాదస్వరాన్ని ప్రతిష్ఠించిన ఘనత వారిది. రాగాలాపనను తీరికగా, విస్తారంగా సాగించే ఆ తంజావూరు బాణీ మౌలానా సాహెబ్ మనస్సును హరించింది. వంశవిద్య ఉన్నది, ఆంధ్రదేశంలో పేరున్నది. దానితో తృప్తిపడి ఉండవచ్చును. వారు అట్లు ఉండలేదు. భాష వేరైన నాచ్చియార్‌కోయిల్ చేరి, రాజం, దురైకణ్ణు సోదరుల వద్ద మరల శిష్యులై సాధన చేశారు. వచ్చిన విద్యను ప్రక్కకు పెట్టి మొదటి పాఠానికి కూర్చోవడం ఎంత కష్టమో, అధ్యాపకులమైన మాకు కొంత తెలుసు.

1964లో, నలుబదవ యేట, వారు శ్రీరంగంలో స్థిరపడ్డారు. తెలుగువాడు, పైగా ముస్లిం, తంజావూరు బాణీని ఆ బాణీ పుట్టిన నేలపైనే వినిపించి రసికుల మెప్పు పొందడం సామాన్య విషయం కాదు. తమ మత విశ్వాసంలో నిలిచి ఉంటూనే శ్రీరంగనాథుని సన్నిధిలో నాదార్చన చేశారు. ఈ రెండింటి నడుమ వారికి గోడ కనిపించలేదు.

1977లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు నొసగింది. శారదా నాదస్వర సంగీతాశ్రమాన్ని నెలకొల్పి ఎందరికో విద్యాదానం చేశారు. 1999 ఏప్రిల్ 13న కన్నుమూశారు. వారి దౌహిత్రులు కాసిం, బాబు ఆ బాణీని కొనసాగించారు. శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులను 2020లో పద్మశ్రీ వరించింది.

మా విద్యార్థులలో కొందరు తాతల విద్యను చిన్నతనంగా తలచి విడిచిపెడుతున్నారు. మరికొందరు తాతల పేరు చెప్పుకొని సాధన మానుతున్నారు. ఈ రెండు పొరపాట్లకూ మౌలానా సాహెబ్ జీవితమే సమాధానం. వారు వంశవిద్యను విడువలేదు. దానితో ఆగిపోనూ లేదు. కొయ్య పెద్దలు ఇచ్చినదే కావచ్చు. పీకను మాత్రం ఎవరికి వారే చెక్కుకోవాలి. ఇకముందు మన జనార్దనస్వామి కొండ వైపు నుండి సన్నాయి మేళం వినిపించినప్పుడు, మా విద్యార్థులు ఒక్క క్షణం నిలిచి ఈ సంగతిని తలచుకొంటారని ఆశిస్తున్నాము.