సౌష్ఠవం చదివిన మనిషి: ఆచార్య సూరి భగవంతం

ఈ వ్యాసం ఒక మహానుభావుడి జీవితం గురించే అయినా, మొదలుపెట్టాల్సింది మాత్రం మా ప్రాజెక్టు దగ్గర్నుంచి. ఆ ప్రాజెక్టు లేకపోతే ఆయన నాకు భౌతికశాస్త్ర విభాగం గోడమీది ఒక ఫొటోగానే మిగిలిపోయేవారు.

మేం నాలుగు మైకులున్న బోర్డు ఒకటి తయారుచేశాం. అయిదేసి సెంటీమీటర్ల ఎడంలో ఒకే వరసలో మైకులు. శబ్దం ఎటునుంచి వస్తోందో అది చెప్పాలి. తగరపువలసలో మా మేడమీది గదిలో, రాత్రి పన్నెండుకి, ఫ్యాను కూడా ఆపేసి స్విచ్ వేశాం. గదిలో చప్పుడన్నది లేదు. బోర్డు మాత్రం సరిగ్గా ఎదురుగా ఎవరో ఉన్నారంటుంది! మావాడొకడు దయ్యమని నవ్వాడు.

కారణం తర్వాత తెలిసింది. గాలిలో శబ్దం అయిదు సెంటీమీటర్లు నడవడానికి సుమారు 146 మైక్రో సెకండ్లు పడుతుంది. ఒక మైకుకీ పక్క మైకుకీ మధ్య ఆలస్యాన్ని కొలిచే బోర్డు దిక్కు చెబుతుంది. పక్కనున్న ప్రాసెసర్ పుట్టించే రొద కరెంటు తీగలోంచి నాలుగు మైకులకీ ఒక్కసారే చేరుతోంది. ఆలస్యం సున్నా. ఆలస్యం సున్నా అంటే బోర్డు లెక్కలో శబ్దం ఎదురుగా ఉన్నట్టే. ఒక్కో మైకు తాగే కరెంటు మహా అయితే ఒక మిల్లీ ఆంపియర్. కాబట్టి ఎంత కరెంటన్నది కాదు, ఎంత శుభ్రమైన కరెంటన్నదే ప్రశ్న. మైకులకి వేరే రెగ్యులేటర్ పెట్టి, ప్రతిదాని కాళ్ళ దగ్గరే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికితే దయ్యం వదిలింది.

ఇంకో జబ్బు మాత్రం వదల్లేదు. వెనక నిలబడి చప్పట్లు కొట్టినా ముందే అంటుంది. ఇదీ కరెంటు దోషమేననుకుని రెండు వారాలు రెగ్యులేటర్లు మార్చాం, సోల్డరింగ్ మళ్ళీ చేశాం. గడువు దగ్గరపడుతోంది, డబ్బులైపోయాయి. అప్పుడు మా మాస్టారు ఏమీ అనకుండా ఒక పాత పుస్తకం బల్లమీద పెట్టి వెళ్ళారు. అది స్ఫటికాల సౌష్ఠవం మీద భగవంతంగారు రాసింది. మూడు అధ్యాయాలు కూడా నాకు సరిగా అర్థం కాలేదుగానీ, అసలు సంగతి బుర్రకెక్కింది. తిన్నని గీతకి ముందూ వెనకా ఒకటే. ఆ సౌష్ఠవం ఉన్నంతకాలం ఎంత మంచి కరెంటిచ్చినా తేడా తెలియదు. ఒక మైకుని వరసలోంచి పక్కకి జరిపాం. అంతే!

ప్రయోగం చెయ్యకముందే ఏది సాధ్యమో, ఏది అసాధ్యమో సౌష్ఠవాన్ని బట్టి తేల్చడమే భగవంతంగారి విద్య. ఆయన 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదువుకుని, 1928లో కలకత్తా వెళ్ళి సి.వి. రామన్ దగ్గర చేరారు. రామన్ ఎఫెక్టు లోకానికి తెలిసిన సంవత్సరమది. కాంతి కణానికి స్పిన్ ఉందని చూపే ప్రయోగాన్ని 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి ప్రచురించారు.

1932లో ఆయన వాల్తేరు వచ్చారు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకి అప్పుడు రాధాకృష్ణన్‌గారు ఉపాధ్యక్షులు. ముప్ఫై ఏళ్ళు నిండకుండానే భగవంతంగారు ఆచార్యులయ్యారు. 1940లో రామన్ ఎఫెక్టు మీద ఆయన గ్రంథాన్ని విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి, విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలింది. సామాన్యంగా ఇలాంటప్పుడు పరిశోధన అటకెక్కుతుంది. ఆయన శిష్యులతో పని సాగించారు. 1944లో భీమసేనాచార్‌తో కలిసి వజ్రం ఎంత గట్టిగా సాగుదలని నిరోధిస్తుందో కొలిచి, నేచర్ పత్రికలో ప్రకటించారు.

ఆ కొలత పద్ధతి చూడండి. క్వార్ట్జ్ పలకకి విద్యుత్తు ఇస్తే కంపిస్తుంది, నొక్కితే తానే విద్యుత్తు ఇస్తుంది. క్రిస్టల్ మైకుకి బ్యాటరీ అక్కర్లేకపోవడం ఈ రెండో గుణంవల్లనే. పలక మందాన్నిబట్టి దాని స్వరం ఉంటుంది: ఒక మిల్లీమీటరు మందముంటే సుమారు 29 లక్షల కంపనాలు. ప్రతి స్వరానికీ ఒక్కో పలక కోసుకుంటూ పోతే ఎప్పటికి తెమిలేను? అందుకని చీలలా ఒకవైపు పలచగా, ఒకవైపు మందంగా ఉండే స్ఫటికాన్ని వాడారు. ఒక్క ముక్కే ఎన్నో స్వరాలు పలుకుతుంది. ఖరీదైన పరికరం లేనిచోట ఆలోచనతో పని గడపడమంటే ఇదే.

1948లో టి. వెంకటరాయుడుగారితో కలిసి గ్రూప్ సిద్ధాంతం మీద గ్రంథం రాశారు. స్ఫటికాలు 32 తరగతులు. నొక్కితే విద్యుత్తు పుట్టేది వాటిలో ఇరవైకే. ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికానికి 18 గుణకాలు కావాలి, క్వార్ట్జ్‌కి రెండే చాలు. ఉప్పు రాయిని ఎంత నొక్కినా మైకు కాదు. ఇదంతా కాగితం మీదే తేలిపోతుంది.

తర్వాత పదవులు వరసగా వచ్చాయి. 1952 నుంచి 57 దాకా ఉస్మానియా ఉపాధ్యక్షులు, పిదప 1962 దాకా బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరు, 1961 నుంచి 69 దాకా రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. చైనా యుద్ధం, పాకిస్తాన్ యుద్ధం రెండూ ఆ కాలంలోనే వచ్చాయి. ఆ బాధ్యతల మధ్యకూడా 1966లో స్ఫటికాల సౌష్ఠవం పుస్తకం వెలువరించారంటే ఆశ్చర్యమే. మా మాస్టారు బల్లమీద పెట్టింది ఆ పుస్తకమే. 1969లో మన విశాఖలో నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల వెలిసింది. నీటిలో శబ్దాన్ని వినే హైడ్రోఫోన్ల వరసకీ మా బోర్డుకీ సూత్రం ఒకటే. కాకపోతే నీటిలో శబ్దం నాలుగింతలకి మించిన వేగంతో పోతుంది. చివరి దశాబ్దాల్లో ఆయన పుట్టపర్తి సత్యసాయిబాబా ప్రసంగాలని ఇంగ్లీషులోకి అనువదించేవారు. సైంటిస్టుకి ఇదేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ళూ ఉన్నారు, మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. 1989లో కన్నుమూశారు.

తగరపువలసనుంచి వాల్తేరు బస్సులో గంట ప్రయాణం. ఆ దారిన ఎన్నిసార్లు తిరిగానో! అటుపక్క ఇంత పని జరిగిందని ఎరగను. తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేను చెప్పేది ఒకటే. బోర్డు పనిచెయ్యకపోతే ముందు కరెంటు చూడండి. అది బాగుంటే సోల్డరింగ్ పీకకండి. ఒక కాగితం తీసుకుని కూర్చోండి. మీరు అడుగుతున్న ప్రశ్నకి జవాబు చెప్పే శక్తి ఆ అమరికకి అసలు ఉందో లేదో చూసుకోండి. మాకు రెండు వారాలు పోయాక తెలిసిన సంగతి అది.